నాణెం మీద పడని వేలిముద్రలు: సుల్తాన్ షాహీ నుంచి సైఫాబాద్ దాకా ఒక టంకశాల కథ

పాతబస్తీ చరిత్ర - 11వ భాగం



ముందుగా ఒక చిన్న పని చేయండి. జేబులోనో, పర్సులోనో, పోపు డబ్బాలోనో ఉన్న నాణేలు బయటికి తీయండి. ఒక్కో నాణెం మీద సంవత్సరం అంకె కింద ఏముందో చూడండి. అయిదు కోణాల చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్‌లో తయారైన నాణెం. డైమండ్ గుర్తు ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా. ఏ గుర్తూ లేకుంటే కోల్‌కతా. భారత ప్రభుత్వ నాణేలు తయారయ్యే టంకశాలలు ఈ నాలుగే.

ఆ నక్షత్రం వెనక రెండు వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. అది మొదలైంది మన పాతబస్తీలోనే. ఇవాళ సుల్తాన్ షాహీ అంటే చాలామందికి ఇరుకు గల్లీలు, జరీ పని చేసే ఇళ్ళు, ఎన్నికలప్పుడు టీవీలో వచ్చే పేరు. ఒకప్పుడు ఈ రాజ్యానికి రూపాయి పుట్టింది అక్కడే. 1803లో మూడో నిజాం సికందర్ జా కాలంలో మొగల్‌పురా పక్కన సుల్తాన్ షాహీలో ప్రభుత్వ టంకశాల పెట్టారు. 1895లో ఐరోపా నుంచి యంత్రాలు తెచ్చారు. 1903 జూలై 13న అది మూసీ దాటి సైఫాబాద్‌లో కొత్తగా కట్టిన భవనంలోకి వెళ్ళింది. 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1997 ఆగస్టులో అక్కడి నుంచి కూడా లేచి చర్లపల్లికి పోయింది. సైఫాబాద్ భవనం ఏళ్ళ తరబడి పాడుబడి ఉండి, 2022 జూన్‌లో మ్యూజియంగా తెరుచుకుంది.

వికీపీడియాలో దొరికే చరిత్ర దాదాపు ఇంతే. నిజాముల పేర్లు, తేదీలు, భవనాలు. ఇందులో మనం ఎక్కడున్నాం అన్నది ఈ భాగంలో నా ప్రశ్న. మనం అంటే ఊరి చివర నుంచి ఈ నగరానికి నడిచొచ్చినవాళ్ళం.

మాటల్లో దాగిన లెక్కలు

నేను తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి కాబట్టి మాటల దగ్గర మొదలుపెడతాను.

'డబ్బు' అని మనం రోజూ అంటాం. ఈ మాట మొదట ఒక చిన్న రాగి నాణెం పేరు. హైదరాబాద్ రాజ్యంలోనూ, కోస్తా సర్కారు జిల్లాల్లోనూ చెలామణి అయిన రాగి డబ్బు అది. ఉన్నవాళ్ళ లెక్క వెండి రూపాయల్లో ఉంటే, లేనివాళ్ళ లెక్క రాగి డబ్బుల్లో ఉండేది. చివరికి భాషలో మొత్తం సంపదకే పేదోడి నాణెం పేరు నిలబడింది. భాష కొన్నిసార్లు ఇట్లాంటి న్యాయం చేస్తుంది.

'కల్దార్' అనే మాట మన తాతలకు తెలుసు. బ్రిటిష్ ఇండియా రూపాయిని తెలంగాణలో కల్దారు రూపాయి అనేవారు. 'కల్' అంటే యంత్రం. యంత్రం మీద చేసింది కల్దార్. నిజాం రూపాయి 'హాలీ సిక్కా'. హాలీ అంటే ఇప్పుడు నడుస్తున్నది. ఆరు కల్దారు రూపాయలకు ఏడు హాలీ రూపాయలు ఇవ్వాలి. మా ఇళ్ళల్లో ముసలివాళ్ళు ధర చెప్పేటప్పుడు "హాలీనా, కల్దారా" అని అడగడం నాకింకా గుర్తు. రెండు రూపాయలూ మాయమైన చాలా ఏళ్ళకు కూడా ఆ ప్రశ్న వాళ్ళ నోట్లో మిగిలింది.

కల్దారు అనే పేరే చెబుతున్నది, అప్పటికి మన రూపాయి యంత్రం మీద చేసింది కాదని. చేత్తో చేసిన రూపాయి ఎట్లా పుట్టేదో ఒకసారి ఊహించండి. బొగ్గుల కొలిమిలో మూసలు పెట్టి వెండి కరిగించాలి. కడ్డీలు పోయాలి. తూకానికి సరిపడా ముక్కలు నరకాలి. సుత్తితో కొట్టి గుండ్రంగా చదును చేయాలి. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్యలో వెండి బిళ్ళ. పైనుంచి సమ్మెట దెబ్బ. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది కావడంతో అక్షరాలు సగమే పడేవి. పాత హైదరాబాద్ రూపాయల మీద పాలకుడి పేరు తెగిపోయి కనిపించడానికి కారణం ఇదే. 1857 తిరుగుబాటు అణిగేదాకా ఆ పేరు కూడా నిజాంది కాదు, ఢిల్లీ మొగల్ పాదుషాది. ఆ తర్వాతే నిజాంలు నాణెం మీద తమ ముద్ర వేసుకున్నారు.

యంత్రాలు వచ్చాక సైఫాబాద్‌లో తయారైన రూపాయి మీద చార్మినార్ బొమ్మ ఎక్కింది. దాని నడిమి కమాను కింద ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో 'మీమ్', ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 'ఐన్'. నాణెం మీద చోటు ఎంత చిన్నదైనా రాజు పేరులోని ఒక అక్షరానికి జాగా దొరికింది. కొలిమి ఊదినవాడి పేరుకు, సమ్మెట ఎత్తినవాడి పేరుకు ఏ నాణెం మీదా జాగా లేదు.

టంకశాల అన్నది తెలుగులో ఇంటిపేరు కూడా. నాణెం లెక్క చూసినవాళ్ళకు, రాతకోతలు చేసినవాళ్ళకు కొలువు ఇంటిపేరై తరతరాలుగా వచ్చింది. కొలిమి దగ్గర చేతులు కాల్చుకున్నవాళ్ళకు కొలిమి ఇంటిపేరు కాలేదు. మన సమాజంలో ఇంటిపేరు కూడా ఒక ఆస్తే.

రూపాయి చేరని వాడలు

సుల్తాన్ షాహీలో, సైఫాబాద్‌లో అన్ని రూపాయలు తయారవుతుంటే అవి తెలంగాణ ఊళ్ళలో మాల మాదిగ వాడల దాకా ఎన్ని వచ్చాయి?

దాదాపు రాలేదనే చెప్పాలి. రాకుండా ఉండటానికి ఒక ఏర్పాటు ఉంది. ఊరికి చెప్పులు, మోటబొక్కెనకు తోలు, చావుకు డప్పు, పటేల్ పట్వారీ వస్తే సామాను మోయడం, కబురు తీసుకుని పక్క ఊరికి పరుగెత్తడం. వీటికి రొక్కం లేదు. కోతలప్పుడు కల్లంలో కొన్ని గింజలు, పండుగకు మిగిలిన అన్నం. అధికారులు వచ్చినప్పుడు చేసే చాకిరీకి అవి కూడా లేవు. దాన్నే వెట్టి అన్నారు.

'జీతం' అనే మాట చూడండి. ఆఫీసులో పనిచేసే మనిషికి జీతం అంటే నెల తిరిగేసరికి లెక్కపెట్టుకునే నోట్లు. అదే మాటకు 'గాడు' చేర్చి జీతగాడు అంటే, దొర ఇంట్లో ఏడాది పొడుగునా పనిచేసి గింజలు తీసుకునే మనిషి. తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతం ఉండేవాడు. దీన్ని భగేలా అన్నారు. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాల మీద ఒక చట్టం తెచ్చింది. చట్టం కావలసి వచ్చిందంటే ఆ పద్ధతి ఎంత విస్తారంగా ఉండేదో అర్థం చేసుకోవచ్చు. కాగితం మీది చట్టం గడీ గోడ దాటడానికి చాలా ఏళ్ళు పట్టింది. దాటించింది కూడా చట్టం ఒక్కటే కాదు, జనం చేసిన పోరాటం.

మాది పాలమూరు వైపు ఊరు. మా అమ్మమ్మ చెప్పేది. తన చిన్నతనంలో ఎప్పుడన్నా చేతికి ఒక పైసా వస్తే బెల్లం కొనడానికి దుకాణానికి పోయేదట. దుకాణం అరుగు ఎక్కకూడదు. పైసా కింద పెట్టి దూరం జరగాలి. దుకాణదారు దాని మీద నీళ్ళు చల్లి తీసుకునేవాడు. బెల్లం ముక్క పైనుంచి కొంగులో పడేది. "పైసకు తానం చేయించి ఇంట్లకు తీసుకునేటోడు బిడ్డా, మమ్ముల మాత్రం ఎన్ని తానాలు చేసినా రానియ్యకపాయె" అనేది నవ్వుతూ. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ ఇటువంటి మాట విని ఉంటారు. నాణేనికి నీళ్ళు చల్లితే పోయే మైల మనిషికి మాత్రం పోదు. కులం లోహాన్ని క్షమించినంత సులువుగా మనిషిని క్షమించలేదు.

అందుకే మనవాళ్ళకు నగరం అంటే ముందు రొక్కం. సికింద్రాబాద్ కంటోన్మెంటులో, రెసిడెన్సీ బంగళాల్లో, రైల్వేలో, మిల్లుల్లో, 1908 మూసీ వరద తర్వాత లేచిన కొత్త కట్టడాల్లో కూలి దొరికింది. గింజలకు బదులు నాణెం దొరికింది. ఆ నాణెం తీసుకుని ఎవరికీ చెప్పకుండా ఇంకో చోటికి పోవచ్చు. గింజలు తీసుకున్నవాడు ఊరు దాటి పోలేడు.

మాదరి భాగయ్య ఈ నగరంలోనే 1888లో పుట్టి భాగ్యరెడ్డి వర్మ అయ్యాడు. 1906లో జగన్ మిత్ర మండలి, 1911లో మాన్య సంఘం పెట్టాడు. ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో మన పిల్లలకు బడులు తెరిచాడు. సంఘం నడవాలంటే చందా కావాలి. చందా ఇవ్వాలంటే చేతిలో రొక్కం ఉండాలి. ఏడాదికోసారి గింజలు కొలిపించుకునే జీతగాడు సంఘానికి చందా ఇవ్వలేడు. దక్కన్‌లో మన తొలి సంఘాలు ఊళ్ళలో కాకుండా ఈ నగరంలో పుట్టడానికి ఉన్న కారణాల్లో ఇది ఒకటి అని నేననుకుంటాను. ఆయన 1931లో రాసిన కథ పేరు 'వెట్టిమాదిగ'. తెలుగులో దళితుడు రాసిన తొలి కథల్లో దాన్ని లెక్కిస్తాం. నగరంలో ఉన్న మనిషి, రొక్కం అందని ఊరి మనిషి గురించి రాశాడు. ఈ సంబంధాన్ని మా తరగతిలో పిల్లలకు తప్పకుండా చెబుతాను.

మింట్ కాంపౌండ్

సైఫాబాద్ టంకశాల చుట్టుపక్కల జాగాను నగరంలో మింట్ కాంపౌండ్ అంటారు. కరెంటు శాఖ పెద్ద ఆఫీసు అక్కడే. మా నాయిన ఒక కాంట్రాక్టరు కింద కేబుల్ గుంతలు తవ్వే పని చేసేవాడు. 2002 వేసవిలో పని ఆ చుట్టుపక్కల పడింది. నేను తొమ్మిది పూర్తయి పదో తరగతికి పోవాలి. అమ్మ అన్నం డబ్బా కట్టిస్తే ఉప్పుగూడ నుంచి రెండు బస్సులు మారి తీసుకుపోయేవాణ్ణి. తోడుగా మొగల్‌పురా దోస్తు ఒకడు వచ్చేవాడు. వాళ్ళింట్లో అందరూ జరీ పని చేస్తారు. వాడికి సెలవుల్లో ఇంట్లో ఉంటే మగ్గం ముందు కూర్చోబెడతారని భయం.

నాయిన తినేదాకా మేమిద్దరం అటూ ఇటూ తిరిగేవాళ్ళం. మూతబడ్డ టంకశాల గోడ అట్లా మా కంటపడింది. మందపాటి గోడలు, ఎత్తైన కిటికీలు, పగిలిన అద్దాలు. ఒకడి భుజం మీద ఒకడు ఎక్కి లోపలికి చూసేవాళ్ళం. చీకటి. కళ్ళు అలవాటు పడ్డాక ఏదో పెద్ద ఇనుప ఆకారం కనిపించేది. పావురాల రెక్కల చప్పుడు. మా కళ్ళు మాత్రం నేల మీదే. పైసలు చేసిన చోట కనీసం ఒక్క పైసా అయినా జారిపడి ఉండదా అని మా ఆశ. గోడ వెంట మట్టి పుల్లలతో గెలికాం. మూడు రోజుల వెతుకులాటలో దొరికింది తుప్పుపట్టిన ఒక వాషరు. నడుమ బొక్క ఉంది కాబట్టి అది నిజాం కాలం నాణేమే అని మా దోస్తు వాదించాడు.

ఒక రోజు వాచ్‌మన్ పట్టుకున్నాడు. ముసలాయన.

"ఏం రా పోరగాండ్లు, ఏం ఏరుతున్రు ఆడ?"

"పైసలు తాతా."

ఆయన నవ్వాడు. "పిచ్చి పోరగాండ్లు. ఈడ పనిచేసినోళ్ళను బయటికి పోయేటప్పుడు నెత్తి నుంచి కాలి దాక తడిమి చూసేటోళ్ళు. పైసలు చేసినోని జేబుల పైసా ఉండొద్దు. అదీ కానూన్. ఇగ మీకేం దొరుకుతది?"

ఆ మాట అప్పుడు మాకు తమాషాగా అనిపించింది. టంకశాల ఎక్కడున్నా గేటు దగ్గర తనిఖీ తప్పదు, అది దొంగతనం ఆపడానికి పెట్టిన కట్టుబాటు. కానీ ఫ్యాక్టరీ అంటే ఏమిటో నేను తర్వాత చదివిన పుస్తకాల కంటే ఆ మాటే దగ్గరగా చెప్పింది. తయారుచేసిన చేయి వేరు, దాచుకునే చేయి వేరు.

సాయంత్రం బస్సులో నాయినను అడిగాను. "నాయినా, పైసలు చేసే కంపెనీల నీకు పని దొరకదా?"

"అది గవర్నమెంటు నౌకరి. చదువుండాలె, నంబరు రావాలె" అన్నాడు. నంబరు అంటే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజి నంబరు. కాసేపాగి, "నువ్వు చదువుకో" అన్నాడు. ఆ వేసవి తర్వాత ఆ గోడ వైపు పోవలసిన పని పడలేదు.

ఫ్యాక్టరీలో కులం ఎక్కడ నిలబడుతుంది

ఫ్యాక్టరీ కులాన్ని కరిగిస్తుందని చాలామంది పెద్దలు నమ్మారు. కొలిమిలో వెండి రాగి కలిసిపోయినట్టు కార్మికులు ఒకటైపోతారని. బొంబాయి బట్టల మిల్లులు దీనికి మంచి పరీక్ష. అక్కడ నేత విభాగంలో కూలి ఎక్కువ. ఆ విభాగంలోకి అస్పృశ్యులను రానిచ్చేవారు కాదు. నాడెలో దారం కండె అయిపోయినప్పుడు కొత్త దారాన్ని నోటితో పీల్చి, తడిచేసి అందుకోవాలి. అస్పృశ్యుడి ఎంగిలి తగిలిన నాడెను మేము ముట్టుకోం అని సవర్ణ కార్మికులు అన్నారు. యజమాని పెట్టిన నియమం కాదది, తోటి కార్మికులు పెట్టింది. 1928 సమ్మెలో అంబేడ్కర్ ఈ విషయాన్ని కార్మిక నాయకుల ముందు పెట్టాడు. మా వాళ్ళకు నేత విభాగం తలుపు తెరవాలన్నది కూడా మీ డిమాండ్లలో చేర్చండి అన్నాడు. పదేళ్ళ తర్వాత, 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో, కార్మికులకు శత్రువులు ఇద్దరు, బ్రాహ్మణవాదం ఒకటి, పెట్టుబడిదారీ విధానం ఒకటి అని తేల్చి చెప్పాడు.

ఇది గుర్తుంచుకుంటే ఫ్యాక్టరీ మీద మన చూపు సరిగ్గా ఉంటుంది. ఫ్యాక్టరీ మనకు స్వర్గం కాలేదు. అయినా ఊరి వాడకు, ఫ్యాక్టరీ గేటుకు తేడా ఉంది. గేటు లోపల కులం ఒక అలవాటుగా, వివక్షగా పనిచేసింది. ఊళ్ళో అది నువ్వు ఏ పని చేయాలో, ఎవరికి చేయాలో, ఎంత తీసుకోవాలో పుట్టకముందే రాసిపెట్టింది. మొదటిదాని మీద యూనియన్‌లో కొట్లాడవచ్చు. రెండోదాని నుంచి ముందు బయటపడాలి.

రూపాయి గురించి మాట్లాడుతూ అంబేడ్కర్‌ను సమ్మెల దగ్గరే వదిలేయలేం. 1923లో లండన్‌లో అచ్చయిన ఆయన పరిశోధన గ్రంథం 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రుపీ'. రూపాయి ఎట్లా పుట్టింది, బ్రిటిష్ ప్రభుత్వం 1893లో టంకశాలల తలుపులు జనం తెచ్చే వెండికి ఎందుకు మూసింది, తర్వాత రూపాయి విలువ ఎవరి కోసం ఎట్లా నడిచింది అని అందులో లెక్క తీశాడు. 1925లో కరెన్సీ మీద వేసిన హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాడు. రూపాయి విలువ పడిపోతే ధరలు ముందు పెరుగుతాయి, కూలి వెనక నెమ్మదిగా పెరుగుతుంది, ఆ నడుమ వ్యాపారి లాభపడి కూలివాడు నష్టపోతాడు అన్నది ఆయన వాదనలో ఒక ముఖ్య భాగం. రూపాయి మీద రాసేటప్పుడు కూడా ఆయన కూలివాడి వైపు నుంచే చూశాడు.

ఆ మనిషికి రూపాయి శక్తి ఎంతో, దాని హద్దు ఎక్కడో పదేళ్ళ వయసులోనే తెలుసు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే చెప్పుకున్నాడు. 1901లో తండ్రి గోరేగావ్‌లో క్యాషియర్. కరువు పనుల్లో చెరువు తవ్వే కూలీలకు డబ్బు పంచే చోట కొలువు. తండ్రి దగ్గరికి బయలుదేరిన పిల్లలు రైలు దిగారు. మంచి బట్టలు, చేతిలో డబ్బు. మహర్లు అని తెలియగానే బండివాళ్ళెవరూ రాలేదు. రెట్టింపు కిరాయి ఇస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు. అదీ ఒక షరతు మీద. బండి పిల్లలే తోలుకోవాలి, వాడు పక్కన నడుస్తాడు. రెట్టింపు డబ్బు ఇచ్చి, తమ బండి తామే తోలుకుంటూ, దారి పొడుగునా తాగడానికి నీళ్ళు దొరకక పోయారు. దేశంలో రూపాయి మీద అంత లోతైన పుస్తకం రాసిన మనిషికి రూపాయి ఏమి కొనలేదో అట్లా తెలిసింది.

మా అమ్మమ్మ పైసా, అంబేడ్కర్ రెట్టింపు కిరాయి ఒకే పాఠం. చేతిలో రొక్కం ఉంటే కులం పోతుంది అనే మాట అబద్ధం. రొక్కం లేకపోతే కులం నుంచి ఒక్క అడుగు కూడా బయటికి వేయలేం అన్నది నిజం. ఈ రెంటినీ కలిపి పట్టుకోకపోతే మన చరిత్ర మనకే అర్థం కాదు.

నంబరు రావాలె

మా నాయిన అన్న 'నంబరు' వెనక కూడా ఒక పోరాటం ఉంది. 1942 నుంచి 1946 దాకా అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడు. 1943లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో షెడ్యూల్డ్ కులాలకు 8.33 శాతం రిజర్వేషన్ వచ్చింది. తర్వాత అది 12.5 శాతం అయింది, 1970లో 15 శాతం అయింది. ఆయన కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలో తయారై 1946లో వచ్చిన ఫ్యాక్టరీల చట్ట సవరణ వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించింది.

1950లో సైఫాబాద్ టంకశాల భారత ప్రభుత్వానికి వచ్చిందంటే రాజు అక్షరం పోయి అశోక స్తంభం వచ్చిందని మాత్రమే అర్థం కాదు. రాజ్యాంగం అదే ఏడాది అమల్లోకి వచ్చింది. నిజాం టంకశాలలో కొలువు దయ మీద వస్తే, కేంద్ర ప్రభుత్వ టంకశాలలో కొలువు హక్కుగా అడగవచ్చు. రోస్టర్ అనే కాగితం మీద మనకొక గీత ఉంది. ఆ గీత కోసమే మా నాయిన నన్ను చదువుకొమ్మన్నాడు.

ఇక్కడ మూతబడటం గురించి ఒక తేడా చెప్పాలి. సైఫాబాద్ టంకశాల మూతబడింది గానీ పని ఆగలేదు, చర్లపల్లికి మారింది. పాడుబడింది భవనం మాత్రమే. వరంగల్ ఆజంజాహి మిల్లు అట్లా కాదు. 1934లో మొదలైన ఆ మిల్లు మూతబడ్డప్పుడు పని కూడా మూతబడింది. తర్వాత దాని భూమి ప్లాట్లయింది. హైదరాబాద్‌లో దోమల్‌గూడ దగ్గరి డీబీఆర్ మిల్లు, సనత్‌నగర్ ఆల్విన్ ఇట్లాంటివే. 1942లో మొదలైన ఆల్విన్ బస్సుల బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది, గడియారాలు చేసింది. నగరంలో పర్మనెంటు ఉద్యోగం అనే మాటకు ఒకప్పుడు అర్థం ఇట్లాంటి పేర్లే.

ఫ్యాక్టరీ మూతబడితే అందరి ఉద్యోగాలూ పోతాయి కదా, మీదేం ప్రత్యేకం అని అడిగే మిత్రులున్నారు. ప్రత్యేకం ఉంది. కొందరికి ఉద్యోగం పోతే వెనక భూమి ఉంటుంది, దుకాణం ఉంటుంది, పరపతి ఉన్న మేనమామ ఉంటాడు. మనకు వెనక ఉన్నది కుల వృత్తి. మిల్లు గేటు మూసుకుంటే మన మనిషి పోయి నిలబడేది చీపురు దగ్గర, మ్యాన్‌హోల్ దగ్గర, అడ్డా మీద. మూడు తరాలు నడిచి దాటిన దూరం ఒక్క నోటీసుతో వెనక్కి పోతుంది. దాని మీద, ఇప్పుడు వచ్చే కొత్త పని ఎక్కువగా ఏజెన్సీల ద్వారా, అవుట్‌సోర్సింగ్ మీద వస్తున్నది. పర్మనెంటు కొలువుకు ఉన్న రోస్టర్ భద్రత ఆ పనికి లేదు. 2006లో దేశంలోని నాలుగు టంకశాలలను, నోట్లు ముద్రించే ప్రెస్‌లతో, కాగితం మిల్లుతో కలిపి ఒక కార్పొరేషన్ కిందికి తెచ్చారు. అది ప్రభుత్వ సంస్థే, రిజర్వేషన్ అక్కడ ఉంది. కానీ రోస్టర్ గీత వర్తించే కొలువులు ఎన్ని మిగిలాయి, దాని బయట పెరిగే పని ఎంత అన్నది ప్రతి ప్రభుత్వ ఫ్యాక్టరీ దగ్గరా మనం అడగవలసిన ప్రశ్న.

యంత్రం పక్కన మనిషి

పాడుబడ్డ ఫ్యాక్టరీలు ఈ మధ్య అందరికీ ఇష్టమవుతున్నాయి. హెరిటేజ్ వాక్‌లు, తుప్పు రంగు ఫోటోలు, గోడ మీద మొలిచిన రావిచెట్టు కింద సెల్ఫీలు. మంచిదే. భవనాలు కూలిపోవడం కంటే నిలబడటం మేలు. సైఫాబాద్ టంకశాల మ్యూజియం కావడం కూడా మేలే. మన పిల్లలను తప్పకుండా తీసుకుపోండి. ఒక నాణెం ఎన్ని చేతులు మారి నాణెం అవుతుందో చూపించండి.

కానీ ఏ మ్యూజియమైనా యంత్రాన్ని చూపినంత సులువుగా మనిషిని చూపలేదు. యంత్రం అక్కడే ఉంటుంది. మనిషి పింఛను తీసుకుని ఇంటికి పోతాడు, ఒక రోజు చనిపోతాడు, ఆయన గుర్తింపు కార్డు పాత సూట్‌కేసులో ఎలుకలు కొరుకుతాయి. ఆ కార్డు బయటికి తీసే పని మనది. మన కోసం ఇంకెవరూ చేయరు.

కాబట్టి ఈ భాగం చదివినవాళ్ళకు నా విన్నపం ఇది. మీ ఇంట్లో, మీ బస్తీలో, ఉప్పుగూడలోనో, గౌలిపురాలోనో, లాల్ దర్వాజాలోనో, అటు చర్లపల్లిలోనో, మింట్‌లో, ఆల్విన్‌లో, మిల్లుల్లో, రైల్వేలో పనిచేసి ఇంటికి వచ్చిన ముసలివాళ్ళుంటే వాళ్ళ దగ్గర కూర్చోండి. నాలుగు ప్రశ్నలు అడగండి. మొదటి రోజు పనికి ఎట్లా పోయావు? ఏ విభాగంలో వేశారు, ఎందుకు అక్కడే వేశారు? నీళ్ళ కుండ ఒకటేనా, రెండా? మొదటి జీతంతో ఏం కొన్నావు? జవాబు వాళ్ళ మాటల్లోనే రాసుకోండి, మన లెక్చరర్ల భాషలోకి మార్చకండి. పాత పే స్లిప్పు, యూనియన్ చందా రసీదు, క్యాంటీన్ టోకెను ఏది దొరికినా పారేయకండి, ఫోటో తీసి పెట్టండి. ఆ ముసలివాళ్ళకు ఇష్టమైతేనే పేరు రాయండి. ఇష్టం లేకుంటే బస్తీ పేరు చాలు.

నాలుగో ప్రశ్న మరిచిపోకండి. మొదటి జీతంతో ఏం కొన్నావు అని అడిగితే, చాలామంది పెద్దవాళ్ళు చెప్పే జవాబు నాకు తెలుసు. చెప్పులు. ఊరికంతా చెప్పులు కుట్టిన చేతులు, ఊళ్ళో చెప్పులు వేసుకుని నడవలేని కాళ్ళు, నగరంలో మొదటి రొక్కంతో మొదట కొన్నది చెప్పులే.

వచ్చే భాగంలో మూసీ వరద తర్వాత ఈ నగరాన్ని మళ్ళీ కట్టిన రాళ్ళ గురించి, ఆ రాళ్ళు మోసిన తలల గురించి రాస్తాను.

జై భీమ్.